నీళ్ళు తగలని తొట్టి

ఆ ఏడు మా అన్నయ్య చేతి దెబ్బ తినని మనిషి కొవ్వూరు గట్టు మీద అరుదు. టీ కొట్టు బల్ల మీద ఇద్దరు కూర్చుని నవ్వుకుంటే చాలు, అది తన గురించేనని అతనికి అనుమానం. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి ఇంకా పనిచేస్తోంది గానీ దాని మీద అతనికే నమ్మకం లేదు. ఎదుటివాడి మాట సగమే వినపడితే, వినపడని సగంలో తిట్టు ఉండి తీరుతుందని తేల్చుకునేవాడు. తేల్చుకున్నాక ఆలస్యం చేసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒకరోజు పొద్దున ఇసక ట్రాక్టరు డ్రైవరొకడు టీ తాగుతూ పక్కవాడితో "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అన్నాడు. వాడన్నది వాళ్ళ ఓనరు గురించి. బ్రేకులు పట్టడం లేదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా ఆ ఓనరు పట్టించుకోవడం లేదట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అన్నయ్యకు శంఖం వినపడలేదు, చెవిటోడు మాత్రం వినపడ్డాడు. చేతిలో ఉన్న వేడి టీ వాడి మొహాన కొట్టాడు, ఆ వెంటనే గ్లాసుతో కొట్టాడు, ఆ తర్వాత బల్ల ఎత్తాడు. నేను పనిచేసే వెల్డింగ్ షాపు ఆ పక్క సందులోనే. పరిగెత్తుకెళ్ళి నడుం పట్టి వెనక్కి లాగితే, ఎవరో ఏమిటో చూసుకోకుండా మోచేత్తో నా మూతి పగలగొట్టాడు. డ్రైవరుకి కనుబొమ్మ చీలింది, కన్నంతా రక్తం. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించి, పోలీసు స్టేషను దాకా పోనివ్వకుండా బతిమాలి ఇంటికొచ్చేసరికి అన్నయ్య అన్నం తింటున్నాడు.

"వాడేమన్నాడో తెలుసా?" అని నన్నే అడిగాడు. నా పెదవి వాచి ఉంది. అదెందుకు వాచిందో మాత్రం అడగలేదు.

అన్నయ్యది గోదాట్లో మునిగి ఇసక తీసే పని. మా నాన్నదీ అదే, మా తాతదీ అదే. పడవను నది మధ్యలో నిలిపి, పొడుగాటి వెదురు గెడ అడుగున దిగేసి, దాన్ని పట్టుకుని ఊపిరి బిగబట్టి కిందికి జారతారు. చేతిలో చిల్లులున్న ఇనప బకెట్టు ఉంటుంది. అడుగున ఇసక నింపి తాడు కదిలిస్తే పైనున్నవాళ్ళు చేదుకుంటారు. మునిగినవాడు గెడ పట్టుకుని పైకొచ్చి, కాస్త గాలి పీల్చి, మళ్ళీ మునుగుతాడు. పడవ నిండేదాకా ఇదే వరస. ఎదురుగా రాజమండ్రిలో లేచిన మేడలకి ఇసక చాలావరకు ఇలా ఊపిరి బిగబట్టిన మనుషులు తెచ్చిందే. రెండు నిలువుల లోతుకి వెళ్ళేవాడు మామూలు మనిషి, నాలుగు నిలువులకి వెళ్ళేవాడు మొనగాడు. అన్నయ్య నాలుగు నిలువుల మనిషి.

ఆ లోతులో చెవులు నొప్పెడతాయి. మామూలు నొప్పి కాదు, చెవిలో మేకు పెట్టి దిగ్గొట్టినట్టు ఉంటుంది. మా నాన్న పడవలో దానికొక పద్ధతి ఉండేది. నొప్పిని ఓర్చుకుని ఇంకా కిందికి పోవాలి. పోతే లోపల టప్పుమని ఏదో తెగుతుంది, నొప్పి పోతుంది, పైకొచ్చాక చెవిలోంచి రక్తం కారుతుంది. దాన్ని చెవి తెరుచుకోవడం అనేవాళ్ళు. చెవిలో నీళ్ళు దూరి దారి చేసుకున్నాయనీ, ఇక బాధ ఉండదనీ వాళ్ళ లెక్క. అన్నయ్యకి మీసాలు సరిగ్గా రాకముందే మా నాన్న అతన్ని గెడ దగ్గరికి తోశాడు. నొప్పని ఏడుస్తూ పైకొస్తే నెత్తిన కాలు పెట్టి మళ్ళీ తొక్కాడు. మెడ మీదికి రక్తం కారుతుండగా అన్నయ్య పడవ ఎక్కితే, మా నాన్న పడవల్లోంచి ఇసక దించే ర్యాంపు మీద కనపడినవాళ్ళందరికీ బూందీ పొట్లాలు పంచాడు. అన్నయ్య కూడా ఒక పొట్లం తిన్నాడు. అప్పటి మా నాన్న నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నన్ను కూడా దింపేవాడే. మా అమ్మ కత్తిపీట పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "చిన్నోణ్ణి నీళ్ళలో దింపావంటే నీ పీకైనా కోస్తాను, నా పీకైనా కోసుకుంటాను" అంది. ఏ పీక ముందు తెగుతుందో తెలియక మా నాన్న వెనక్కి తగ్గాడు. అలా నేను ఐటీఐలో చేరి, వెల్డింగ్ నేర్చుకుని, పొడి మనిషినయ్యాను. ఈ సంగతులు జరిగేనాటికి అమ్మ లేదు. ఇంట్లో నాన్న, అన్నయ్య, వదిన, నేను.

చెవిలోంచి చీము రావడం మొదలయ్యాక వదినా నేనూ అన్నయ్యని రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన లైటు వేసి చూసి, ఎడమ చెవి మీద ఆశ వదులుకోమన్నాడు. కుడి చెవి పొర కూడా చిరిగి అతుక్కుని బాగా పలచబడిందన్నాడు. "ఇంక నీళ్ళలోకి దిగకు. చెవిలో నీటి చుక్క పడకూడదు. పడిందో, ఈ చెవీ పోతుంది, ఇంక ఏమీ వినపడదు" అని గట్టిగా, నోరు కనపడేలా చెప్పాడు. అన్నయ్య ఆయన నోరే చూస్తూ కూర్చున్నాడు. బస్సులో వస్తూ దారి పొడుగునా ఒకటే మాట: "నీటి చుక్క పడకూడదంట."

ఇంట్లో ఆ మాట చెప్పగానే మా నాన్న కాండ్రించి ఉమ్మేశాడు. "మా అయ్యకి ఏ డాక్టరున్నాడ్రా? రెండు చెవులూ పోయాక కూడా పదేళ్ళు మునిగాడు. నీకు పని చేతకాక డాక్టరు మాటలు చెప్తన్నావు" అన్నాడు. ఈ మాటలు మాత్రం అన్నయ్యకి ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడ్డాయి. నాన్నని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. నాన్న తక్కువ తిన్నాడా, అరుగు మీదున్న తెడ్డు అందుకుని అన్నయ్య మోకాలి మీద కొట్టాడు. ఇద్దరూ బురదలో పడి దొర్లారు. వదిన బిందెడు నీళ్ళు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించి, కుక్కల్ని అదిలించినట్టు అదిలించింది. ఆ సాయంత్రం తండ్రీ కొడుకులిద్దరూ ఒకే గిన్నెలో ఉప్పు కాపడం పెట్టుకున్నారు. మా ఇల్లు అలాంటిది.

పడవల వాళ్ళు మంచివాళ్ళే. పైన నిలబడి బకెట్లు చేదే పని ఇస్తామన్నారు. అది ముసలాళ్ళ పనని అన్నయ్య బకెట్టు విసిరికొట్టాడు. చెవుల్లో మైనం కూరుకుని, సైకిలు ట్యూబు కోసి తలకి కట్టుకుని మునగడం మొదలుపెట్టాడు. ఎంత కూరినా నీళ్ళు దూరేవి. సాయంత్రం పూట తల పక్కకి వంచి, చెవిలోంచి మైనం, నీళ్ళు, చీము కలిసి కారుతుంటే తుడుచుకునేవాడు.

వదిన ఒక మధ్యాహ్నం షాపుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి.

"మరిదిగారూ, నేను పిలిస్తే ఇంకా పలుకుతున్నాడండి మీ అన్నయ్య" అంది. "ఆ పలికే చెవి కూడా పోతే ఈ మనిషితో నేనెలా బతకాలి? సగం వినపడుతుంటేనే ఊరంతా కొడుతున్నాడు. అసలేమీ వినపడకపోతే ఎవర్నో ఒకర్ని చంపేస్తాడు. మిమ్మల్నో నన్నో. నీళ్ళు తగలకుండా మునిగే సాధనం ఏదైనా చెయ్యలేరా? ఇనుముతో ఏదైనా చేస్తారు కదా మీరు?"

ఏడవలేదు. అడిగి, సమాధానం కోసం అక్కడే నిలబడింది. చూస్తానన్నాను. నాకు మా నాన్న మీదున్న కోపమంతా ఆ మాటలో ఉంది. నాన్న తొక్కి పాడుచేసిన మనిషిని నేను ఇనుముతో బాగుచేసి చూపించాలనుకున్నాను.

నీళ్ళలో మునిగే సాధనమంటే అందరికీ తట్టే సబ్‌మెరైనే నాకూ ముందు తట్టింది. అన్ని వైపులా మూసేసిన ఇనప గూడు. మనిషిని లోపల పెట్టే ముందు ఖాళీ డీజిలు డ్రమ్ము మూతి బిగించి వెల్డు చేసి, ఇనప ముక్కలు కట్టి, అన్నయ్య మునిగే చోట పడవ మీంచి తాడుతో దింపాను. కొంత దూరం బాగానే దిగింది. ఉన్నట్టుండి అడుగున దభీమని చప్పుడైంది. పడవ పలకల కింద నుంచి నా అరికాళ్ళలోకి వచ్చింది ఆ దెబ్బ. పైకి లాగితే డ్రమ్ము పిండి ఆరేసిన గుడ్డలా ఉంది. ఒక పక్క రేకు లోపలికి పోయి రెండో పక్క రేకుకి అంటుకుంది. లోపల మనిషి ఉంటే వాడేమయ్యేవాడో ఎవరూ పైకి అనలేదు. అన్నయ్య మాత్రం ఆ డ్రమ్ముని అటూ ఇటూ తిప్పి చూసి, "గోదారంటే ఏంటనుకున్నావురా!" అన్నాడు సంతోషంగా.

తర్వాత దారి దొరికింది వంటింటి పనిలో. వదిన గిన్నెలు తోముతూ గ్లాసు బోర్లించి తొట్టిలో ముంచింది. గ్లాసు అడుగున అంటుకున్న మెతుకు తడవలేదు. గ్లాసుకి మూత లేదు. నీళ్ళు కింద నుంచి వద్దామని చూస్తుంటే లోపలి గాలి రానివ్వడం లేదు. లోపలి గాలి నీళ్ళని ఎంత గట్టిగా నెడితే, నీళ్ళు కూడా గాలిని అంతే గట్టిగా నెడతాయి. రెండూ సమానమైతే ఇనుము మీద ఏ బరువూ పడదు, డ్రమ్ములా నలిగే పనే లేదు. రేకు పలచగా ఉన్నా ఫరవాలేదు. మూసేసిన గూడు కాదు, అడుగు లేని గూడు కావాలి. నేను ఎగిరి గంతేశాను. ఆ బరువంతా ఇనుముని వదిలేసి ఎక్కడికి పోయిందన్న ప్రశ్న నాకు రాలేదు. రాలేదని సిగ్గు కూడా లేదు. చదువుకున్న డాక్టరే నీటి చుక్క దాటి ఇంకేమీ చెప్పలేదు.

రామచంద్రపురం వైపు మూతపడిన ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం నానబెట్టే ఇనప తొట్టి ఒకటి పాత సామాను కింద దొరికింది. పైన వెడల్పు, కింద గరాటులా సన్నం. దాన్ని తలకిందులు చేసి, సన్న మూతిని పలకతో మూసేసి, లోపల అడ్డంగా ఒక గడ్డరు వెల్డు చేశాను. దాని మీద సీటు. సీటుకి మెత్తదనం కావాలని లారీ ట్యూబు గాలి కొట్టి బిగించాను. కళ్ళ ఎత్తులో మందపాటి గాజు పలక పెట్టి, చుట్టూ రబ్బరు వాషరు వేశాను. సైకిలు పెడళ్ళు, గొలుసు, బయట పడవ ఫ్యాను ఒకటి. తొక్కితే అడుగున మెల్లగా ముందుకు పాకాలి. రెండు పక్కలా రెండు డ్రమ్ములు, నీళ్ళు నింపితే దిగడానికి, గాలి నింపితే తేలడానికి. పంచరు షాపు కంప్రెసరు పడవ మీద పెట్టి, పైపుతో లోపలికి గాలి. మనిషి సీటు మీద పొడిగా కూర్చుని, కాళ్ళ మధ్య కనపడే నది అడుగుని పొడుగు పారతో తవ్వి బకెట్టులో నింపాలి. తలకి, ఒంటికి, చెవికి నీటి చుక్క తగలదు.

గాలిని ముంచడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. మనిషి కూర్చునేంత గాలి నీళ్ళ కిందికి పోవాలంటే దానికి ఇంచుమించు టన్ను ఇనుము కట్టాలి. రైలు పట్టాల ముక్కలు, ట్రాక్టరు దిమ్మలు, విరిగిన రోలరు, ఏది దొరికితే అది గొలుసులతో కట్టాను. చెయ్యి నలిగి గోరు ఊడింది. ఒకసారి తొట్టి పొరపాటున ఒరిగి పట్టా ముక్క జారి నా పాదం పక్కన నేలలోకి దిగబడింది. ఒక్క జానెడు ఇటు పడితే కాలు లేదు. ర్యాంపు మీద జనం వచ్చి చూసి నవ్వేవాళ్ళు. "ఏమండీ, తొట్టిలో ధాన్యం ఎప్పుడు పోస్తారండీ?" అని ఒకడు. "మునిగితే మళ్ళీ తేలుద్దాండీ?" అని ఇంకొకడు. అన్నయ్య వాళ్ళిద్దరినీ గట్టు కిందికి తోశాడు.

మా నాన్న రోజూ వచ్చి కాస్త దూరంగా నిలబడేవాడు. "తొట్టిలో కూర్చుని ఇసక తీసేవాడు మగాడా?" అని గాలితో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవాడు. అందువల్ల అన్నయ్యకి ఆ తొట్టి ప్రాణమైపోయింది. దానికి ఎర్ర రంగు వేయించాడు. పసుపు రాసి బొట్టు పెట్టాడు. అన్నం కూడా దాని పక్కనే కూర్చుని తినేవాడు.

మొదట దిగింది నేను. నేను చేసిన వస్తువులో ముందు నేనే కూర్చుంటానని పట్టుబట్టాను. పడవకి కట్టిన కప్పీ మీద తొట్టి మెల్లగా దిగింది. కంప్రెసరు చప్పుడు దూరమైపోయింది. గాజు పలక బయట నీళ్ళు ముందు పచ్చగా, తర్వాత టీ రంగుగా, ఆ తర్వాత దాదాపు చీకటిగా మారాయి. నా కాళ్ళ కింద గోదారి ఉంది, పైకి రావడం లేదు. వేళ్ళతో తాకితే చల్లగా ఉంది. చెయ్యి తీసేస్తే నేను పొడిగా ఉన్నాను. ఎవరూ లేకపోయినా గట్టిగా నవ్వాను. నా జీవితంలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు, పెళ్ళిరోజు కూడా కాదు.

ఆ నవ్వు పూర్తికాకముందే చెవులు పట్టేశాయి.

జలుబేమో అనుకున్నాను. ఇంకో నిలువు దిగేసరికి మేకు దిగడం మొదలైంది. ముక్కు మూసుకుని గట్టిగా ఊదితే చెవిలో టిక్కుమని కాస్త తగ్గింది, మళ్ళీ పట్టింది. ఒంటి మీద చుక్క నీరు లేదు, చెవి మాత్రం పగిలిపోతోంది. అప్పుడే ఇంకోటి గమనించాను. సీటు కుంగిపోతోంది. రాయిలా బిగించిన లారీ ట్యూబు నా కింద మెత్తగా, ముసలి పొట్టలా వేలాడింది. పంచరైందనుకున్నాను. గాలి బుస్సుమనే చప్పుడు లేదు. పైకి లాగమని తాడు కదిలించాను. తొట్టి పైకి వస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను, ట్యూబు దానంతటదే ఉబ్బుతూ వచ్చింది. పైకి తేలేసరికి మళ్ళీ రాయిలా ఉంది.

అప్పుడర్థమైంది నాకు. ఇనుముని వదిలేసిన బరువు లోపలి గాలిలో కూర్చుంది. ట్యూబుని నొక్కింది అదే, నా చెవిని నొక్కింది అదే. ఆ లోతులో నది ఎంత గట్టిగా నొక్కుతుందో, తొట్టిలో గాలి కూడా అంతే గట్టిగా నొక్కుతుంది. నీళ్ళు తగలకపోయినా అన్నయ్య చెవికి దక్కేది అదే దెబ్బ. ముక్కు మూసి ఊదడం నాకు పనిచేసింది, నా చెవులు మంచివి. చిరిగి అతుక్కున్న అతని పొర ఒక్క ఊదుకే పోతుంది.

పడవ ఎక్కగానే అన్నయ్య నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. నా చొక్కా తడిమి, పొడిగా ఉందని అందరికీ చూపించి కేకలు పెట్టాడు. తెల్లారి తను దిగుతానన్నాడు.

"అన్నయ్యా, వద్దు. ఇది నీకు పనికిరాదు" అన్నాను అతని కుడి చెవి దగ్గర. జరిగిందంతా చెప్పాను. ట్యూబు సంగతి చెప్పాను. అతను వెళ్ళి ట్యూబు నొక్కి చూశాడు.

"బాగానే ఉంది కదరా."

"కింద మెత్తబడింది. పైకొస్తే బాగవుతుంది."

"కింద పంచరై, పైన దానంతటది అతుక్కుందా?" అని నవ్వాడు. పడవలో అందరూ నవ్వారు. అది చూడాలంటే కిందికి దిగాలి. దిగితే చెవి పోతుంది. నేనేం చూపించను?

"డాక్టరు ఏమన్నాడు? నీటి చుక్క పడకూడదన్నాడు. పడిందా నీకు?"

"పడలేదు. అయినా నొప్పి వచ్చింది."

"నీకు అలవాటు లేదు. నువ్వు అమ్మ కొంగు చాటున పెరిగావు" అన్నాడు. అతని మొహం మారిపోయింది. "నాన్న చెప్పమన్నాడు కదూ నిన్ను? నేను మళ్ళీ మునుపటిలా పనిచేస్తే మీకు కళ్ళు కుడతన్నాయి. నువ్వూ నాన్నా ఒకటే."

ఆ మాటకి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నన్నేమన్నా ఊరుకుందునేమో గానీ నాన్నతో జత కలిపితే ఊరుకోను. నోటికొచ్చినట్టు తిట్టాను. అతనూ తిట్టాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులతో ఇంక మాటలేంటని నేను అక్కణ్ణుంచి వచ్చేశాను. వదినకి ఒక్కదానికే చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ఆ తొట్టి ఉండకూడదండి" అంది.

మర్నాడు ఎండ వచ్చేసరికి ఆక్సిజన్ సిలిండరు, గ్యాస్ కట్టరు తోపుడుబండి మీద వేసుకుని ర్యాంపుకి వెళ్ళాను. తొట్టి పైభాగంలో ఒక పక్కన అరచేయంత కన్నం పెడితే చాలు. గాలి నిలవదు, తొట్టి తొట్టి కాదు. మంట వెలిగించి ఎర్ర రంగు మీద పెట్టాను. రంగు బొబ్బలెక్కి నల్లబడింది. ఇనుము ఎర్రబడుతుండగా వెనకనుంచి కేక వినపడింది.

అన్నయ్య మొలకి తువ్వాలు చుట్టుకుని దిగడానికి సిద్ధమై వస్తున్నాడు. వెనక పడవల వాళ్ళు, ఆ వెనక మా నాన్న. వదిన అన్నయ్య చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది. అతను విదిలించుకుంటే ఇసకలో పడింది. నేను మంట ఆర్పలేదు. కట్టరు అతని వైపు తిప్పి, "దగ్గరికొస్తే కాల్చేస్తాను, రా!" అని అరిచాను. నిజంగా కాల్చేవాణ్ణే. అతను ఆగలేదు. బండిని కాలితో తన్నాడు. సిలిండరు దొర్లింది, పైపు ఊడింది, మంట టప్పుమని ఆరిపోయింది. చేతికందిన పెద్ద పానా తీసి అతని భుజం మీద కొట్టాను. ఎముక మీద పడిన చప్పుడు నాకు తెలుసు. నా గొంతు పట్టుకుని ఆ ఎర్ర తొట్టికేసి నన్ను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. కాలుతున్న ఇనుము నా వీపుకి అంటుకుని చొక్కా కమిలింది. నేను మోకాలితో అతని కడుపులో పొడిచాను. గొంతు వదిలేశాడు. వదిలేసి, బకెట్లు మోసి మోసి గరిటెలా వంగిపోయిన ఆ అరచెయ్యి గాలిలోకి లేపి, నా ఎడమ చెవి మీద కొట్టాడు.

చెంప మీద కాదు. సరిగ్గా చెవి మీద, మూత వేసినట్టు.

లోపల టప్పుమంది. ఆ తర్వాత ఈల. ర్యాంపు అంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. కూర్చుండిపోయాను. మెడ మీదికి వెచ్చగా ఏదో పాకింది.

అన్నయ్య మళ్ళీ చెయ్యెత్తినవాడు అలాగే ఆగిపోయాడు. రక్తాన్ని అతను చాలా చూశాడు, చాలామందికి తెప్పించాడు కూడా. కానీ చెవిలోంచి వచ్చే రక్తం వేరు, అది అతనికి సొంత ఊరి దారంత బాగా తెలుసు. ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి నా తల వంచి చూశాడు. నా చొక్కా తడిమాడు. నా జుట్టు తడిమాడు. ఎక్కడా తడి లేదు.

"నీళ్ళు పడలేదు కదరా" అన్నాడు. అతని గొంతు నాకు ఎక్కణ్ణుంచో వచ్చింది. "చుక్క పడలేదు కదరా!"

నేను అతని అరచెయ్యి పట్టుకుని, వంచి, నా కుడి చెవి మీద మూతలా పెట్టి నొక్కాను. "ఇందులో ఏముంది? గాలే కదా! ఆ తొట్టిలో ఉన్నదీ ఇదే!" అని ఏడుస్తూ అరిచాను. అతను నా నోరు చూస్తున్నాడు. ఆ తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు. వెనక మా నాన్న ఏదో అంటూ ముందుకొచ్చాడు. అన్నయ్య అటు చూడకుండానే, "నువ్వు ఇంకొక్క అడుగు వేశావంటే ఇక్కడే పాతేస్తాను" అన్నాడు. నాన్న ఆగిపోయాడు.

రాజమండ్రికి అతనే తీసుకెళ్ళాడు. బస్సులో సీటు ఇవ్వనివాణ్ణి కాలరు పట్టుకుని లేపి నన్ను కూర్చోబెట్టాడు. డాక్టరు నా చెవి చూసి, "ఇతను కూడా మునుగుతాడా?" అని అడిగాడు.

"లేదండి. నేను కొట్టాను" అన్నాడు అన్నయ్య. ఎవరినైనా కొట్టానని అతను తనంతట తాను ఒప్పుకోగా నేను విన్నది అదే మొదలు. "వీడి చెవిలో నీళ్ళు పడలేదండి. మరి ఎలా పగిలిందండి?"

"దెబ్బకి గాలి లోపలికి కొట్టుంటుందయ్యా. పొర పగలడానికి నీళ్ళే అక్కర్లేదు. ఒత్తిడి చాలు."

అన్నయ్య ఆయన నోటి వంకే చూశాడు. చూసి, బల్ల మీదుగా వంగి, ఆయన తెల్లకోటు రెండు చేతులతో పట్టుకుని కుర్చీలోంచి పైకి లేపాడు. "ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ? నీటి చుక్కన్నారు. నేను ఏడాది పొడుగునా నీళ్ళకే కాపలా కాశానండి!" అన్నాడు. కోటు పట్టుకుని కూడా అండీ మానలేదు, మా వైపు మనిషి కదా. నేను విడిపించలేదు. నాకూ అదే కోపంగా ఉంది. డాక్టరు, "దిగొద్దన్నాను కదయ్యా, దిగొద్దన్నాను" అంటున్నాడు. అదీ నిజమే. ఆయా పరిగెత్తుకొచ్చేసరికి అన్నయ్య చేతులు వాటంతటవే వదులయ్యాయి.

ఇంటికి రాగానే సమ్మెట తీసుకుని ర్యాంపుకి వెళ్ళాడు. ఒక భుజం పైకి లేవడం లేదు, నేను కొట్టిన భుజం. ఒంటి చేత్తోనే ఆ తొట్టిని కొట్టడం మొదలుపెట్టాడు. గాజు పలక పగిలింది. పెడళ్ళు ఊడాయి. ఎర్ర రేకు సొట్టలు పడి, చీలి, లోపలికి వంగింది. కొట్టిన ప్రతిసారీ ఏదో అరుస్తున్నాడు, ఎవర్ని తిడుతున్నాడో తెలియదు. ఎవరూ దగ్గరికి పోలేదు. వదిన నా పక్కన నిలబడి చూసింది, ఆపలేదు. నాకు ఆ చప్పుడు ఒక పక్కనుంచే వినపడుతోంది. నేను చేసిన వస్తువుల్లో అంత మంచిది ఇంకోటి లేదు. అది నలిగిపోతుంటే నాకు ఏడుపు రాలేదు. అతను ఇంక నదిలోకి దిగడని ఆ దెబ్బలే చెప్తున్నాయి.

చెయ్యి ఆడనంతవరకూ కొట్టి, సమ్మెట పడేసి వచ్చాడు. నా పక్కన ఇసకలో కూర్చున్నాడు. చెమట, ఇనప తుప్పు కలిసి మొహమంతా మరకలు. తర్వాత నా వైపు తిరిగి, తనకు వినపడాలంటే ఎంత గట్టిగా మాట్లాడాలో అంత గట్టిగా, ర్యాంపు అంతా తిరిగి చూసేలా అడిగాడు.

"నొప్పిగా ఉందా?"

మూడు తరాలుగా చెవులు పగిలిన మా ఇంట్లో ఆ మాట ఒకరు ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు. అతన్ని కూడా ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

"ఉంది" అన్నాను.